నా పేరు మీద ఇచ్చిన బియ్యం

ఆలేరు,
20 జూన్ 2022

కడారి పరశురాములుకు,

సుక్కమ్మ రాస్తున్నది. ఏ సుక్కమ్మ అని అడుగుతవేమో, ముందుగాలనే చెప్తున్న. మల్లప్ప బిడ్డ సుక్కమ్మ. నీ చెల్లె. ముప్పై ఆరేండ్ల కింద సచ్చిపోయిన సుక్కమ్మ.

నిన్న పొద్దుగాల ఫోన్ చేసిన. ‘అన్నా, నేను సుక్కిని’ అన్న. అటుదిక్కు నువ్వు దమ్ము తీసుకున్నది ఇనవడ్డది, గంతే, ఫోన్ కట్. మళ్ళ చేస్తే స్విచాఫ్. మంచిది. ఫోన్ అయితే పెట్టేస్తవ్, రిజిస్టర్ పోస్టు అయితే పోస్టాయన ముంగట దస్కత్ పెట్టి తీస్కోవాలె. ఎవలు రాసిండ్రని ఇంట్లోళ్ళు అడిగితే ఏం చెప్తవో అది నీ ఫికర్.

జరిగింది ఇను. మొన్న శుక్రారం నా కంగన్ హాల్‌ల కూసోని గాజుల డబ్బాలు సదురుతున్న. అవును, ఆలేరుల నాకు గాజుల దుకాణం ఉన్నది, సచ్చినోళ్ళు గూడ బతకాలె గదా. ఎనుక రూంల అండాలత్త మంచంల ఉన్నది. బాపు చిన్నాయిన బిడ్డ అండాలు. నువ్వు మరిచిపోయి ఉంటవని యాది చేస్తున్న.

అప్పుడు ఒక పిల్ల వచ్చింది. కండ్లద్దాలు, భుజానికి సంచి, చేతిల చుట్ట చుట్టిన పెద్ద కాయితం. ‘మాది మర్రిగూడ దిక్కు గొర్లకుంట, అండాలవ్వను కలవాలె’ అన్నది. లోపటికి పొమ్మన్న. ఊరి పేరు ఇనంగనే గాజులు కింద పెట్టిన. పిల్ల ఆ కాయితం బండల మీద పరిచింది. ‘అవ్వా, మా వంశం రాస్తున్న. బీరప్ప గుడికాడ నల్లబండ మీద చెక్కిస్తడంట మా బాపు. వచ్చే మాఘమాసంల పండుగకు కడారోళ్ళందరు వస్తరు. మొగోళ్ళ పేర్లే ఉంటే ఏం బాగుంటది, ఆడోళ్ళయి గూడ రాస్త అన్న. నీకు ఎర్కున్న పాత పేర్లు చెప్పు’ అని మీది నుంచి సదువుకుంట వచ్చింది. బీరయ్య, ఆయన కొడుకు సాయిలు, ఆయన కొడుకు మల్లప్ప. మల్లప్ప కింద పరశురాములు. పక్కన సుక్కమ్మ, చిన్నతనంలో జ్వరంతో మృతి.

అండాలత్తకు సూపు ఆనది గాని చెవులు పాము చెవులు. ‘ఎవల్నే సచ్చిందంటున్నవ్?’ అని లేచి కూసున్నది. ‘ఓ సుక్కీ! జర ఇటు రాయే, నువ్వు సచ్చిపోయినవంట!’ అని కేకేసింది.

నేను కర్ర పట్టుకొని పోయి దర్వాజల నిలబడ్డ. పిల్ల ముందుగాల నా కాళ్ళు సూసింది, తర్వాత నా మొఖం సూసింది. ‘అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్నవ్’ అని ఏడ్సింది. నీ బిడ్డ అనూహ్య మంచి పిల్ల. నీకు ఎట్ల పుట్టిందో తెల్వది.

ఆమెతోనే తెలిసింది, అమ్మ పోయి ఎనిమిదేండ్లాయెనట. కన్నతల్లి సావు నాకు ఎనిమిదేండ్లకు తెలిసింది! ఇంకో సంగతి గూడ ఆమెనే చెప్పింది. పెత్రమాస వచ్చిందంటే పెద్దల పేర్లు చదివి అయ్యగారికి బియ్యం ఇస్తరు గదా, అండ్ల నా పేరు గూడ చదువుతరట. ఏటేటా. పెండ్లైన ఆడబిడ్డకు పుట్టింటోళ్ళు ఒడిబియ్యం పోస్తరు. నాకు ఒక్కనాడు పొయ్యలేదు. సచ్చినోళ్ళకు ఇచ్చే బియ్యం మాత్రం తప్పకుండ ఇచ్చిండ్రు. నేను ఈడ అన్నం తింటుంటే ఆడ నాకు పిండం పెట్టిండ్రు గదరా మీరు!

నాకు నీ భూమిల పాలు వద్దు, గొర్ల మందల పాలు వద్దు. ఒక్కటే అడుగుతున్న. బండ మీద నా పేరు పక్కన ఆ ‘మృతి’ ఉండొద్దు. ఈ పెత్రమాసకు నా పేరు మీద బియ్యం ఇయ్యొద్దు. పదిమంది ముంగట నీ నోటితోని ‘నా చెల్లె బతికున్నది’ అనాలె. ఇది అన్నదాక నేను ఊకోను.

సుక్కమ్మ

---

గొర్లకుంట, మర్రిగూడ మండలం,
4 జులై 2022

ఆలేరులో ఉంటున్న సుక్కమ్మ గారికి,

కడారి పరశురాములు, మాజీ సర్పంచు, నమస్కరించి వ్రాయునది. మీ ఉత్తరం అందినది.

మా చెల్లెలు సుక్కమ్మ 1986వ సంవత్సరంలో జ్వరం వచ్చి హైదరాబాద్ దవాఖానలో చనిపోయినది. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. మా అమ్మాయి చిన్నది, ఎవరేం చెప్పినా నమ్ముతది. అండాలుకు వయసు మీదపడి మతి తప్పినట్టున్నది. మీరెవరో, మీకేం కావాలెనో మాకు తెలియదు. మీరు కష్టంలో ఉంటే చెప్పండి, తోచినంత సహాయం చేయగలము. కానీ పరువుగల ఇంటి మీద ఇటువంటి మాటలు రాయడం మంచిది కాదు. ఇకముందు ఉత్తరాలు పంపవద్దు.

ఇట్లు,
కడారి పరశురాములు

---

ఆలేరు,
12 జులై 2022

మాజీ సర్పంచు గారికి,

‘గారు’ అట! చిన్నప్పుడు ఒక్కనాడన్న ‘సుక్కీ’ అని తిన్నగ పిల్చినవా, ‘ఓ కుంటీ’ అనేటోనివి. ఇప్పుడు గారు అయిన. సావంగనే మర్యాద బాగ పెరిగింది నాకు.

నీ ఉత్తరం అండాలత్తకు సదివి ఇనిపిచ్చిన. ‘నాకు మతి తప్పిందా? వాడు ఏడేండ్లొచ్చేదాక పక్క తడిపేటోడు, వాళ్ళమ్మ రోజు బొంత ఎండేసేది, అది గూడ మరిచిపోలే అని రాయి’ అన్నది. రాసిన. ఇంట్ల ఎవలన్న గట్టిగ సదివితే నా తప్పు కాదు.

సహాయం చేస్తవా నాకు? నా దుకాణం ముంగట నిలబడి అడుక్కునేటోళ్ళకు నేను సహాయం చేస్త. నీ సహాయం తీస్కపోయి చెర్ల పారెయ్యి.

నువ్వు యాది లేదంటున్నవ్ గాబట్టి నేను యాది చేస్త. ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండకాలం. నా మోకాళ్ళు లోపటికి ఒంగిపోయి ఒకదానికొకటి తగిలేటియి. గోడ పట్టుకొని నడిసేదాన్ని. ‘ఆలేరుల పెద్ద డాక్టరున్నడు, కాళ్ళు సక్క చేస్తడు, తర్వాత బడికి ఉరుక్కుంట పోవచ్చు’ అన్నవ్. ఇంట్ల అందరు అదే అన్నరు. అమ్మ తలకు నూనె రాసి రెండు జడలు ఏసింది, ఎర్ర రిబ్బన్లు కట్టింది. ‘కాళ్ళు సక్కగైనంక పట్టగొలుసులు చేపిస్త బిడ్డా’ అని నా కాళ్ళు వత్తుకుంట కూసున్నది. ఎంత బాగ నటించింది! నన్ను తీస్కపోయి పారేస్తున్నరని తెలిసే ముద్దులు పెట్టింది.

మర్రిగూడ బస్సుదాక నన్ను భుజాల మీద ఎత్తుకపోయినవ్. చౌటుప్పల్‌ల ఒక బస్సు మారినం, భువనగిరిల ఇంకోటి. నేను ఖుషీ మీదున్న. అప్పటిదాక మా ఊరు ఇడిసి నేను ఏడికి పోలే. అండాలత్త ఇంట్ల నువ్వు అన్నం తిని, చెయ్యి కడుక్కొని, ‘డాక్టరు దగ్గర చీటి రాపిచ్చుకొని వస్త, నువ్వు ఈడనే ఉండు’ అన్నవ్. నేను గడప మీద కూసున్న. గా చీటి ఇంక దొరకలేదా అన్నా నీకు?

తర్వాత బాపు ఒక్కసారి వచ్చిండు. అత్తను బయటికి పిల్చి, ‘పోరిని నువ్వే సాదుకో, మా ఇంటికి రాకు, మా ఊసు ఎత్తకు’ అన్నడు. పిల్లలు లేని ముండమోసిన ఆడిది, నన్ను ఇడిసిపెట్టలేక మిమ్ములనే ఇడిసిపెట్టింది. నేను తలుపు సందుల నుంచి బాపును సూసిన. ఆయన నా మొఖం సూడలే.

నిన్నూ బాపునూ నేను అంతగ తిట్టలే. మొగోళ్ళు గట్లనే చేస్తరులే అనుకున్న. కాని అమ్మ? బతుకమ్మకు వస్తదేమో అని సూసిన, ఉగాదికి వస్తదేమో అని సూసిన. తర్వాత తిట్టుడు మొదలు పెట్టిన. కడుపున మోసిన బిడ్డ కుంటిదైతే ఊరుగాని ఊర్ల పారేసే తల్లి తల్లేనా అని తిట్టిన. పొద్దుగాల లేస్తే తిట్టు, కాళ్ళు గుంజితే తిట్టు. తోటి పిల్లల తల్లులను బడికాడ సూస్తే తిట్టు. ఎండిపోవాలె నీ కడుపు అని గూడ అన్న. ఆ తిట్లతోనే పెద్దగైన.

ఇప్పుడు చెప్పు సర్పంచు గారూ, నేనెవలో తెలిసిందా?

సుక్కమ్మ

---

గొర్లకుంట,
2 ఆగస్టు 2022

చెల్లె సుక్కమ్మకు,

నువ్వు రాసిందంత నిజమే. నేను రాసింది అబద్ధం. ఇప్పుడు సంబురమైందా? నా బిడ్డ నాతోని మాట్లాడుతలేదు. వంశం రాసిన కాయితం చుట్ట చుట్టుకొని మహబూబ్‌నగర్‌ల తన నౌకరికాడికి పోయింది, ఫోన్ చేస్తే ఎత్తుతలేదు. ‘అత్తను బతికున్నట్టు రాస్తెనే కాయితం ఇస్త’ అన్నది. బండ చెక్కేటాయన నల్లగొండల నెల సంది ఎదురు చూస్తున్నడు. ఒక్క ఉత్తరంతోని నా ఇల్లు ఆగమాగం చేసినవ్.

నువ్వు నీ గోస ఒక్కటే చెప్పినవ్. మా సంగతి ఇనలేదు. పాలమూరు దిక్కు నుంచి నన్ను సూసుకోను వచ్చిండ్రు యాదున్నదా? వాకిట్ల మంచాల మీద కూసున్నరు. నువ్వు గోడ పట్టుకొని నడుసుకుంట పోయినవ్. పిల్ల నాయిన నిన్నే సూసిండు. ‘ఇది మీ వంశంల ఉన్నదా? రేపు మా బిడ్డకు పుట్టేటోళ్ళు గిట్లనే ఐతే ఎట్ల?’ అన్నడు. ఇచ్చిన చాయ గూడ తాగకుండ లేచిండ్రు. తర్వాత వచ్చినోళ్ళు గూడ గదే మాట. ఊర్ల అందరు అనుడు షురూ చేసిండ్రు, మల్లప్ప వంశానికి పాపం తగిలింది, ఎముకలల్ల ఉన్నది, రక్తంల ఉన్నది అని.  చివరికి బాపు అన్నడు, ‘ఒక్కదాని కోసం వంశం ఆగిపోవాల్నా?’ అని. ఆ రోజులల్ల బాపుకు ఎదురు చెప్పిన కొడుకు మన కురుమోళ్ళల్ల ఎవడున్నడో సూపియ్యి.

నిన్ను సంపలేదు. బాయిల పారెయ్యలేదు. మంచి మనిషి చేతిల పెట్టినం. నువ్వు బాగనే బతుకుతున్నవ్, దుకాణం పెట్టుకున్నవ్. అది గూడ లెక్కలకు తీస్కో.

ఇప్పుడు సంగతి చెప్త, జర నెమ్మదిగ ఇను. అనూహ్యకు మహబూబ్‌నగర్ సంబంధం వచ్చింది. పిల్లగాడు ప్రవీణ్, మంచి నౌకరి, మంచి కుటుంబం. దసరా ముంగట మాట ఖాయం చేసుకుంటరు. ఈ టైంల నువ్వు బయటికొస్తే, నీ కాళ్ళు వాళ్ళు సూస్తే, మళ్ళ గదే మాట అంటరు. నా బిడ్డ బతుకు పాడైతది. పెండ్లి ఒక్కటి కానియ్యి. తర్వాత బండ మీద నీ పేరు బతికున్నదానిగనే చెక్కిపిస్త, నా మాట. ముప్పై ఆరేండ్లు ఆగినవ్, ఇంకో ఆర్నెల్లు ఆగలేవా?

నీ అన్న,
పరశురాములు

---

ఆలేరు,
28 ఆగస్టు 2022

అన్నా,

ఆర్నెల్లు ఆగాల్నా? నీ ఉత్తరం చేతిల పట్టుకొని నేను దుకాణంల గట్టిగ మొత్తుకున్న, గాజులు కొననొచ్చిన పిల్లలు బెదిరి బయటికి ఉరికిండ్రు. నీ పెండ్లికి నేను సావాలె. నీ బిడ్డ పెండ్లికి మళ్ళ సావాలె. రేపు నీ మనవల పెండ్లికి ఇంకోసారి సావాల్నా? నీ ఇంట్ల పెండ్లిబాజ మోగిందంటే నేను ఎన్నిసార్లు సావాలె?

వంశంల ఉన్నదట, రక్తంల ఉన్నదట! సర్పంచు చేసినవ్ గదా, ఊరి నీళ్ళ సంగతి నీకు తెల్వదా? మన ఇంటి ముంగట బోరింగు నేను పుట్టిన ఏడు ఏసిండ్రు. నువ్వు అప్పటికే పదేండ్ల పోరనివి, ఊర బాయి నీళ్ళు తాగి నీ ఎముకలు గట్టిపడ్డయి. నేను పుట్టినకాడి నుంచి ఆ బోరింగు నీళ్ళే తాగిన. ఆ నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉన్నదని, అదే ఎముకలు ఒంచుతదని తర్వాత సర్కారోళ్ళు వచ్చి చెప్పలేదా? పండ్లు పచ్చగైన పోరగాండ్లు, నడుము లేవని ముసలోళ్ళు మన మర్రిగూడ దిక్కు ఊరికొక్కరా? అందరు మల్లప్ప వంశమేనా?

ఇంకో సంగతి నీకు తెల్వది, చెప్త. నాకు పెండ్లైంది. స్టేషన్‌కాడ పండ్లమ్మే నాగేందర్, నా కాళ్ళు సూసి, నడక సూసి, నా నోటి దురుసు గూడ ఇని చేస్కున్నడు. మాకు ఒక బిడ్డ. నాగరాణి. నీ మేనకోడలు. కాళ్ళు సక్కగ తాటిమొద్దుల లెక్క ఉన్నయి. రెండేండ్ల కింద ఉరుకుడు పరీక్షల గెలిచి పోలీసు నౌకరి తెచ్చుకున్నది. అది ఉరుకుతుంటే గ్రౌండ్ బయట నిలబడి నేను ఏడ్సిన. రోగం వంశంల ఉంటే నా కడుపున పుట్టినది ఎట్ల ఉరికిందిరా? ఆలేరు నీళ్ళు తాగింది, ఉరికింది. గంతే. గింత చిన్న సంగతికి మీరు నన్ను ఇడిసిపెట్టిండ్రు. ఆ బోరింగును మాత్రం ఇడిసిపెట్టలేదు.

నీ సంగతి గూడ అనూహ్య చెప్పింది, నువ్వు రాయలేదు. నీ మెడ తిరుగుతలేదట. ఎవలన్న పిలిస్తే ఒళ్ళంత తిప్పి సూస్తవట. గోడ పట్టుకొని లేస్తవట. మరి నిన్ను ఎవల ఇంట్ల ఇడిసిపెట్టిరావాలె? నీకు ఎవలు పెత్రమాస బియ్యం ఇయ్యాలె?

అనూహ్య మొన్న సెలవులల్ల వచ్చి రెండు రోజులు మా ఇంట్లనే ఉన్నది. చిన్నప్పటి ముచ్చట ఒకటి చెప్పింది. పెత్రమాస నాడు అమ్మ ఒక్కపొద్దు ఉండేదట. నా పేరు మీద ఇచ్చే బియ్యం ఇంకెవల్నీ ముట్టనియ్యకపోయేదట, తన చేతులతోని చాటల పోసి ఇచ్చేదట. తర్వాత మొఖానికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చేదట. ‘మా అవ్వ గట్ల ఏడిస్తె నాకు భయమైతుండె’ అన్నది నీ బిడ్డ.

ఆ మాట ఇన్నకాడి నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. బతికున్న బిడ్డను ఇడిసిపెట్టినదైతే సిగ్గుకో భయానికో మూలకు కూసుంటది, గట్ల ఏడుస్తదా? అన్నా, ఒక్క మాట అడుగుతున్న, తిప్పి తిప్పి చెప్పకు. అమ్మకు ఏం చెప్పినవ్?

సుక్కి

---

గొర్లకుంట,
26 సెప్టెంబర్ 2022

సుక్కీ,

నీ ఉత్తరం వచ్చి నెల కావొస్తున్నది. జవాబు రాయబుద్ధి కాలె. నిన్న పెత్రమాస అయింది, అందుకే రాస్తున్న.

ముందు నువ్వు అడిగిన పని. అయింది. అయ్యగారు వాకిట్ల కూసోని పేర్లు అడిగిండు. కడారి పాలోళ్ళందరు ఉన్నరు. బీరయ్య పేరు చెప్పిన, సాయిలు పేరు చెప్పిన, బాపు పేరు, అమ్మ పేరు. అయ్యగారికి అలవాటే గదా, ‘సుక్కమ్మ’ అని తనే అన్నడు. ‘ఆమె పేరు చదవొద్దు, ఆమె బతికున్నది’ అన్న. నా ఇంటిది లోపటికి పోయి తలుపు ఏసుకున్నది. ఇంగ ఆడ లేసిన లొల్లి నేను రాయలేను. ఎలక్షన్ల ముచ్చట్లు పెట్టుకునేటోళ్ళంత మన ఇంటి ముచ్చట పెట్టుకుంటున్నరు. ఇజ్జత్ పోయింది.

ప్రవీణ్ వాళ్ళకు అనూహ్యనే ముందుగాల చెప్పిందట, నాకు చెప్పకుండ. పిల్లగాని నాయిన ‘మర్రిగూడ దిక్కు నీళ్ళ సంగతి మాకు తెల్వదా, దానికి సంబంధానికి ఏం సంబంధం’ అన్నడట. నేను ఇన్నేండ్లు భయపడ్డ మాటకు ఆయన చాయ తాగుకుంట జవాబు చెప్పిండు.

ఇగ నువ్వు అడిగింది. నిన్న గదే మాట భీమయ్య కాక గూడ అడిగిండు. అందరి ముంగట. ‘అరే పరశురాములూ, మరి మీ అమ్మకు ఎర్కేనా?’ అన్నడు. నేను తల ఒంచుకుందామని సూసిన. ఒంచెతందుకు గూడ మెడ రాలే. ఆయనకు చెప్పంది నీకు చెప్తున్న.

అమ్మకు తెల్వది. నిన్ను డాక్టరు దగ్గరికే తీస్కపోతున్న అనుకున్నది. జడలు ఏసింది నిజంగనే ఏసింది. నేను వాపస్ వచ్చినంక బాపు చెప్పిండు, ఆలేరుల కాదన్నరు, హైదరాబాద్ తీస్కపోతె జరమొచ్చి పోయింది, ఆడనే మన్ను చేసినం అని. అమ్మకు చెప్పితే దాగదు, ఉరికి నీ దగ్గరికి వస్తది, ఊరంత తెలుస్తది. అందుకే చెప్పలే. పెండ్లిగాని పిల్లకు పెత్రమాస బియ్యం ఇయ్యరని బాపు ఎంత చెప్పినా అమ్మ ఇనలే. ‘నా బిడ్డకు ఆకలైతది’ అని కొట్లాడి ఇచ్చింది. ఆపుదామంటే ఏమని చెప్పి ఆపాలె? తర్వాత బాపు పోయిండు. అప్పుడన్న చెప్పాలె. కాని అన్నేండ్లు ఏడ్సినదానికి ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?

ఒక ఏడు నన్ను బతిమిలాడింది, బిడ్డను మన్ను చేసిన జాగా సూపియ్యి అని. తిండి మానేసింది. ఏం జెయ్యాలె మరి? హైదరాబాద్ తీస్కపోయిన. ఒక బొందలగడ్డల ఏదో ఒక దిబ్బ సూపిచ్చి ఇదే అన్న. అమ్మ దాని మీద నీళ్ళు పోసింది, సంచిలకెల్లి పట్టగొలుసులు తీసి మన్నుల పెట్టింది. నేను దూరంగ నిలబడ్డ.

పోయే రోజు గూడ నీ పేరే తల్సుకున్నది. ‘సుక్కి దగ్గరికే పోతున్న’ అన్నది.

అడిగినవ్ గాబట్టి చెప్పిన. నన్ను ఏమన్న అను. కాని దసరాకు రా. నీ భర్తను, బిడ్డను తీస్కొని రా. ఒడిబియ్యం పోస్త, చీర పెడుత. బండ మీద నా పేరు పక్కనే నీ పేరు, బతికున్నట్టుగనే. అనూహ్య కాయితం ఇచ్చింది. నీ జవాబు రాంగనే చెక్కుమని చెప్త.

నీ అన్న

---

ఆలేరు,
3 అక్టోబర్ 2022

పరశురాములుకు,

నీ ఉత్తరం నాగరాణి సదివింది. నేను సగందాకనే సదివిన. మంచంల ఉన్న అండాలత్త ఇని ఒకటే ఏడ్పు. ‘మీ అమ్మ బిక్షమ్మ మీద నేను గూడ పగ పట్టుకున్ననే’ అని తలకాయ కొట్టుకుంటున్నది. ఆమెను ఊకోబెట్టుడు నాతోని కాలే.

అన్నం తిని చెయ్యి కడుక్కొని నన్ను ఇడిసిపెట్టి పోయినవ్ గదా, దాన్ని నేను ఎట్లనో మింగిన. పడుసు పోరనివి, బాపు భయం, నీ పెండ్లి, సరే. దీన్ని ఎట్ల మింగాలె? అమ్మకు అరవై దాటినంక గూడ ఒక్కసారి బస్సు ఎక్కిచ్చి ఆలేరుల దింపితె అయిపోయేది. హైదరాబాద్ దాక తీస్కపోయినవ్. ఎవలదో దిబ్బ సూపిచ్చినవ్. నాకోసం చేపిచ్చిన పట్టగొలుసులు ఎవల మన్నులనో పెడుతుంటె సూసుకుంట నిలబడ్డవ్. ఆ పొద్దు నేను ఈడ గాజులు అమ్ముకుంట కూసున్న. నీకు నోరెట్ల రాలేదురా? నువ్వు అమ్మ కడుపులనే పుట్టినవా?

ఇన్నేండ్లు నేను అమ్మను తిట్టిన. నా బిడ్డ పుట్టిన నాడు గూడ, నొప్పులల్ల, అమ్మా అని పిలవలే, తిట్టిన. ఆమె ఆడ ఒక్కపొద్దు ఉండి నాకు ఆకలైతదని బియ్యం పోస్తుంటె, నేను ఈడ కడుపునిండ తిని ఆమె కడుపు ఎండిపోవాలె అన్న. నాతోని గా పాపం చేపిచ్చింది నువ్వు. నన్ను ఇడిసిపెట్టుడు ఒక ఎత్తు, నాతోని నా తల్లిని తిట్టిపిచ్చుడు ఇంకో ఎత్తు. అమ్మకు పెట్టిన ప్రతి తిట్టు ఇప్పుడు వాపస్ తీస్కుంటున్న. అవి గాలికి పోవు. అన్ని నీయే. పెట్టుకో.

దసరాకు నేను రాను. నీ ఒడిబియ్యం నాకు వద్దు, నీ చీర వద్దు. పాలోళ్ళ ముంగట నా పేరు చెప్పినవ్, మంచిది, చెప్పవలసిందే, దానికి దండం పెట్టమనకు. అనూహ్య పెండ్లికి మాత్రం వస్త. ఆ పిల్ల కోసం వస్త, ముంగటి వరుసల కూసుంట, నా కాళ్ళు అందరు సూడాలె. నీతోని మాట్లాడను. నువ్వు గూడ మాట్లాడకు.

బండ సంగతి. అనూహ్యను అడిగితె చెప్పింది, మొగోళ్ళ పేర్ల కింద మొగోళ్ళ పేర్లు, పక్కపొంటి ఆడబిడ్డల పేర్లు, గంతేనట. ఇంటికొచ్చిన కోడండ్ల పేర్లు లేవట. నువ్వే వద్దన్నవట, జాగా సాలదని. మల్లప్ప పేరు ఉన్నది, అమ్మ పేరు లేదు. బిక్షమ్మ లేకుంట నువ్వు ఏడికెల్లి ఊడిపడ్డవ్?

చెక్కేటాయనకు చెప్పు. అమ్మ పేరు బాపు పేరంత పెద్దగ చెక్కాలె. దాని కింద నా పేరు. నీ పేరు పక్కన వద్దు. నువ్వు బాపు కింద ఉండు, నేను అమ్మ కింద ఉంట.

బిక్షమ్మ బిడ్డ,
సుక్కమ్మ